గోడ తాగినంకనే చాయ్

పోయిన శుక్రవారం పొద్దున పూజ ముగించి గేటు దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకామె మా ప్రహరీగోడను ఫోన్‌తో ఫొటోలు తీస్తోంది. మున్సిపాలిటీ నుంచి వచ్చిందేమో, రోడ్డు వెడల్పు చేస్తామంటారేమో అనుకుని గొంతు సవరించుకున్నాను. నేను నోరు తెరిచేలోపే ఆమె చున్నీ సర్దుకుని నమస్తే పెట్టింది.

"గీ గోడ మీది బొమ్మలు మా అబ్బా గీసినయే అమ్మా. పోయిన నెల చనిపోయిండు. ఊర్ల ఆయన చేతివి ఎన్ని మిగిలినయో చూసుకుంట తిరుగుతున్న," అంది.

పోట్లాటకు సిద్ధం చేసుకున్న గొంతుతోనే, చూసుకో బిడ్డా అన్నాను.

ఆమె తండ్రి పేరు నాకు తెలియదు. పెయింటర్ సాబ్ అనేవాళ్ళం, ఆయన పలికేవాడు, ఇంకో పేరుతో పని పడలేదు. ఎక్కడ పుట్టాడు, బొమ్మలు గీయడం ఎవరి దగ్గర నేర్చుకున్నాడు అంటే చెప్పలేను. పదకొండు రోజులు మా గోడ ముందు చూశాను. ఆ తర్వాత బజారులో అప్పుడప్పుడు. ఆ మాత్రం పరిచయానికి కూర్చుని రాయడమెందుకంటే, ఆయనతో నేను అనకూడని మాట ఒకటి అన్నాను. అది ఎంత అనకూడనిదో ఆ శుక్రవారమే తెలిసింది.

అప్పట్లో మా గోడకు ఒక పేరుండేది. సిగ్గుగా ఉన్నా దాచను. కంపు గోడ. మాది సిద్దిపేటకు అంచున లేచిన కాలనీ. మిరుదొడ్డి వైపు నుంచి, దౌల్తాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళం తలా ఒక ప్లాటు కొనుక్కుని ఇళ్ళు కట్టుకున్నాం. మాది మూలయిల్లు, పొడుగు గోడ మెయిన్ రోడ్డు వైపు. ఆటో దిగిన ప్రతి మగవాడూ ముందు మా గోడను పలకరించి తర్వాతే ఇంటికి పోయేవాడు. మా ఆయన ఫినాయిలు పోశాడు. ఇక్కడ ఆ పని చేయరాదని పెద్దక్షరాలతో రాయించాడు. వాళ్ళు దాన్ని హెచ్చరికగా కాక చిరునామాగా తీసుకున్నారు. ఆటోవాళ్ళు సైతం కంపు గోడ కాడ దిగుతరా అని అడిగేవాళ్ళు. ఇంటిని కడిగి ముగ్గేసి ధూపం వేసుకునే నాకు, మా బంధువులు ఆ పేరు చెప్పుకుని ఇల్లు వెతుక్కుంటూ రావడం ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

తెలంగాణ కోసం ఊరంతా రోడ్డు మీదికొచ్చిన రోజులవి. బస్సులు ఆగాయి, బడులు మూశారు, చౌరస్తాలో దీక్షల టెంటు తీయనే తీయరు. ఊళ్ళో నినాదం లేని గోడ లేదు, మా గోడ తప్ప. రాయాలంటే దాని దగ్గర నిలబడాలి కదా. ఉద్యమం కూడా మమ్మల్ని ముక్కు మూసుకుని దాటిపోయింది.

ఎదురింటి రాజవ్వకు అది తలవంపులుగా తోచింది. రాజవ్వ నోటికి ఈ గల్లీలో ఎదురు లేదు. బతుకమ్మ పండుగ రెండు వారాల్లో ఉందనగా ఆడవాళ్ళందరినీ మా గేటు ముందు కూడేసి, గీ గోడ మీద బతుకమ్మ బొమ్మ పడాలె, పడి తీరాలె అని తేల్చేసింది. ఊళ్ళో నినాదాలు రాస్తున్న పెయింటర్ సాబ్‌ను పిలుచుకొచ్చింది కూడా ఆమే. రంగులు మావి, చెయ్యి ఆయనది అని ఒప్పందం. ఉద్యమం పనికి ఆయన అంతకుమించి ఏమీ అడగడని అప్పటికే పేరు.

గోడ మాది గనుక నాకో సొంత ఆలోచన ఉండింది. నేను బడి మెట్లెక్కినదాన్ని కాను. మా బాపు దేవుడి గది గడప దగ్గర కూర్చోబెట్టి పలక మీద నేర్పిన చదువు నాది. అందులో ఉన్న చిక్కేమిటంటే, నాకు తెలియనిది ఎంతో ఎవరూ పరీక్ష పెట్టి చెప్పలేదు. అందుకని అన్నీ తెలుసుననే ధీమాతో పెరిగాను. ఆయనను పక్కకు పిలిచి, బతుకమ్మ సంగతి తర్వాత, ముందు ఈ మూల నుంచి ఆ మూల దాకా దేవుళ్ళను వరసగా గీయమన్నాను. ఏ దేవుడు అని అడిగాడు. ఎవరైనా సరే, చూడగానే భయం పుట్టాలన్నాను.

ఆయన చెవి మీద పెట్టుకున్న కుంచె తీసి, దాని తోకతో మెడ గోక్కున్నాడు. ఏదైనా కాదనాలంటే అలా గోక్కునేవాడని తర్వాత తెలిసింది.

"పొద్దున ఇంట్ల పూలువెట్టి మొక్కుతరు. గదే దేవున్ని తెచ్చి గీడ కావలి నిలవెడ్తరా అమ్మా? ఎవ్వల దేవునికైనా గిదేం కొలువు?"

నలభై ఏళ్ళుగా రెండు పూటలా దీపం పెడుతున్నదాన్ని. ఆ ప్రశ్న నాకు ఒక్క పూటైనా తట్టలేదు.

"గీడ నిలవడెటోళ్ల అవ్వల్ని, అక్కల్ని గీస్త," అన్నాడు ఆయనే మళ్ళీ. "అవ్వ సూస్తుంటే ఎవడు నిలవడ్తడో సూద్దాం."

గోడను ఆయన ముందు వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు, డాక్టరు వీపు చూసినట్టు. తర్వాత రెండు రోజులు కడిగించాడు, మూడో రోజు సున్నం పట్టించాడు. ఇక ప్రతి పొద్దునా ఒకటే వరస. వచ్చీరాగానే ఆ పూట గీయబోయే చోట చెంబుతో నీళ్ళు చల్లేవాడు. అవి ఇంకేదాకా గొంతుక్కూర్చుని చూసేవాడు. నేను చాయ్ తెస్తే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "గోడ తాగినంకనే చాయ్ అమ్మా." అంతలో చాయ్ చల్లారేది. నేను లోపలికి పోయి వేడిచేసి తెచ్చేదాన్ని. అప్పటికి ఆయన నిచ్చెన మెట్ల మీద ఉండేవాడు, మళ్ళీ చల్లారేది, మళ్ళీ లోపలికి. మధ్యలో మంచినీళ్ళు, పాత గుడ్డలు, ఒకరోజు జొన్నరొట్టె, ఇంకోరోజు బెణికిన వేలికి పసుపు. రోజంతా అలా ఆయన చుట్టూ తిరిగి నేనే సగం గోడ వేసినట్టు సాయంత్రానికి అలసిపోయేదాన్ని.

చాయ్ అంటే గ్లాసు గురించి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామని రెండుసార్లు ఈ కాగితం పక్కన పెట్టాను. బయటివాళ్ళకని మా ఇంట్లో ఒక గ్లాసు వేరుగా ఉండేది, అంచు దగ్గర చిన్న సొట్టతో, గూట్లో ఒక్కటీ. ఎందుకని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. ఆయనకు మొదటిరోజు అందులోనే ఇచ్చాను. తాగి, నల్లా దగ్గర తనే కడిగి, ప్రహరీ మీద బోర్లించాడు. మర్నాడూ అంతే. నా చేతికి ఎన్నడూ ఎంగిలి గ్లాసు ఇవ్వలేదు. ఆ బోర్లించిన గ్లాసును చూస్తే నాకేదో ఇబ్బందిగా ఉండేది. అది మంచి అలవాటున్న మనిషిని చూసిన గౌరవమని సర్దిచెప్పుకున్నాను.

పని మధ్యలో ఒకరోజు చౌరస్తాలో వంటావార్పు. తారు రోడ్డు మీద మూడు ఇటుకల పొయ్యిలు పెట్టి, ఊరంతా అక్కడే వండుకుని అక్కడే తినడం, దారి ఆపడం. నేను బయట ఎవరు వండినా ముట్టనిదాన్ని. చూసి వద్దామని పోయాను. రాజవ్వ నా కొంగు పట్టి గుంజి బంతిలో కూర్చోబెట్టింది. పప్పు బకెట్‌తో వడ్డిస్తూ వస్తున్నది ఎవరో కాదు, పెయింటర్ సాబ్. నా దగ్గరికి వచ్చేసరికి ఆయన గరిటె గాలిలో ఆగింది. వెయ్యనా అని అడగలేదు. నా వైపు చూడనూ లేదు. గరిటె మాత్రం ఆగింది. ఆ గ్లాసు సంగతి ఆయనకు మొదటిరోజు నుంచీ తెలుసునని నాకప్పుడు అర్థమైంది. విస్తరి ముందుకు జరిపాను. ఆ పప్పులో ఉప్పు తక్కువైంది, ఇప్పటికీ గుర్తు. ఇంటికొచ్చి సొట్ట గ్లాసును తక్కిన వాటిలో కలిపేశాను. కొన్నాళ్ళకు అదెక్కడికి పోయిందో, ఎవరింటికి ఏ కూరతో వెళ్ళి తిరిగి రాలేదో తెలియదు. ఆ గరిటె ఆగినందుకు నేను దేవుడికి చెప్పుకునే కృతజ్ఞతల్లో ఒకటి రోజూ ఉంటుంది.

ఇంత జ్ఞానోదయమైనా నాలో ఇంకో కోరిక మాత్రం చావలేదు. గోడ మీద నేనుండాలి. గోడ మాది, చాయ్ నాది, ముందు వరసలో నేను ఉండకపోతే ఇంకెవరుంటారు? నోరు విడిచి అడగడానికి భక్తి అడ్డం. పొగడ్తలు కోరని మనిషినని గల్లీలో పేరు. పైగా ఆయన ఎవరినీ ఎదురుగా నిలబెట్టి గీయడు. "నిలవెట్టి గీస్తే ఫొటో అయితదమ్మా. తన పనిల తానుంటెనే మనిషి. నా కంటికి ఎట్ల అలవాటైతే గట్లనే గీస్త," అనేవాడు. నల్లా దగ్గర, బీడీల చాటల ముందు, తగాదాల్లో ఆడవాళ్ళను ఓరకంట చూసి, వాళ్ళు వెళ్ళాక గోడ మీద పెట్టేవాడు. అందుకని నేనూ నా పనిలో ఉన్నట్టు కనబడాలని చూశాను. గద్వాల చీర కట్టుకుని గేటుకు నూనె పెట్టాను. ఏళ్ళుగా కీచుమంటున్న గేటు, మూడు రోజులు వరసగా పెట్టాను. పారాయణ మధ్యలో, తల్లీ, ఎడమవైపు నుంచైతే బాగుంటాను అనుకున్న పాపం కూడా ఒప్పుకుంటున్నాను. అంత సింగారించుకున్న పూట ఆయన తలెత్తి చూడలేదు. చాయ్ చల్లారిందని గుర్తొచ్చి నేను లోపలికి పరిగెత్తేదాన్ని.

గోడ మీద ఉండకపోతే పోయె, నా పాండిత్యమైనా ఉండాలని బతుకమ్మ పేర్చే తీరు ఆయనకు పాఠం చెప్పాను. అడుగున ఏ పువ్వు, పైన ఏ పువ్వు, తెల్ల గునుగుకు రంగు ఎలా అద్దాలి, ఎంతసేపు ఆరబెట్టాలి. ఆయన మెట్ల మీద నుంచి జీ అమ్మా, జీ అమ్మా అంటూ విన్నాడు. సాయంత్రం రాజవ్వ నవ్వి నవ్వి గడపలో కూలబడింది. ఆయన తల్లి పాత బజారులో పండుగకు గునుగు పూలు అమ్మేదట. చిన్నప్పుడు ఊరికి సరిపడా కట్టలకు రంగులద్దింది ఆయన చేతులేనట. రంగుల పని ఆయనకు అక్కడే మొదలైందట. మర్నాడు సంజాయిషీ చెప్పబోతే మెడ గోక్కుని, మా అమ్మ చెప్పనివి రెండు మీరు చెప్పిన్రు అన్నాడు. ఆ రెండూ ఏమిటో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పదకొండో రోజుకు గోడ పూర్తయింది. నడుమ మనిషెత్తు బతుకమ్మ, చుట్టూ మా గల్లీ ఆడవాళ్ళు ఎనిమిదిమంది, ఎవరి ముఖం వాళ్ళది. రాజవ్వ నోరు తెరిచి ఎవరినో తిడుతూనే చప్పట్లు కొడుతోంది. బీడీలు చుట్టే ఆమె వేళ్ళు ఆటలో కూడా బీడీ చుడుతున్నట్టే ఉన్నాయి. ఒక్కొక్కరూ తమను తాము చూసుకుని కొంగు నోట్లో కుక్కుకుంటున్నారు. నేను ఆ మూల నుంచి ఈ మూల దాకా రెండుసార్లు నడిచాను. నేను లేను. గేటు పక్కన చివర్లో తొమ్మిదో మనిషి ఉంది, కానీ ఆమె వెనక్కి తిరిగి ఉంది, వీపు తప్ప ఏమీ కనబడదు.

నేను లేనన్న కోపమంతా ఆ వీపు మీదికి మళ్ళించాను.

"అంత మంచిగున్నది గని సాబ్, గీ ఎన్కకు తిరిగినామె ఎవ్వలు?"

"ఉన్నదమ్మా ఒకామె."

"గా నడుమేంది, బియ్యం బస్తా లెక్క?"

ఆయన బొమ్మను చూశాడు, నన్ను చూశాడు. "గంతనే ఉంటదమ్మా."

"కొప్పుల పుల్ల ఏంది? ఇల్లూడ్సి గట్లనే వచ్చిందా? చేతుల గిలాసేంది? బతుకమ్మ ఆడెటామె చప్పట్లు గొడ్తది గని."

"ఆమె ఆడెటందుకు రాలేదమ్మా. పని మీద పోతున్నది."

"తుడిచెయ్యున్రి సాబ్. గల్లీ పరువు పోతది."

ఆయన మెడ గోక్కోలేదు. ఆ పదకొండు రోజుల్లో మొదటిసారి నేరుగా కాదన్నాడు. "గా ఒక్కామెను తీస్తే గోడంత ఉత్తదే."

అని కుంచె తీసుకుని ఆ నడుము దగ్గర ఆనించాడు. నా మాట మన్నించి తగ్గిస్తున్నాడనుకున్నాను. ఆయన పోయాక చూస్తే చీరకు ఇంకో మడత కలిపి ఉంది. వెనక రాజవ్వ, తక్కిన ఆడవాళ్ళు ఎందుకు దగ్గుతున్నారో అప్పుడు నాకు తెలియలేదు. కొత్త రంగు ఘాటనుకున్నాను.

గోడకు మొదటి పరీక్ష రెండు రోజుల్లోనే వచ్చింది. రాజవ్వ పెనిమిటి ఆటో దిగి, అలవాటుకొద్దీ వచ్చి నిలబడి, తలెత్తాడు. గోడ మీద రాజవ్వ. బిత్తరపోయి వెనక్కి చూశాడు. గుమ్మంలో రాజవ్వ. ఆ మనిషి ఆ తర్వాత మా గోడ వైపు నడవడమే మానుకుని అవతలి వైపు నుంచి పోయేవాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ మానారు. ఆ ఏడు పండుగకు కాలనీ అంతా మా గోడ ముందే ఆడింది, పక్క గల్లీలవాళ్ళు వచ్చి చూశారు. మరో ఏడాది తిరిగేసరికి ఆటోవాళ్ళ నోట్లో కంపు గోడ పోయి బొమ్మల గోడ అయింది. రాష్ట్రం వచ్చాక మా చుట్టం ఒకాయన ఆ పేరు చెప్పుకుని నేరుగా ఇంటికొస్తే, నేను వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను.

ఆ ఒక్కామెను మాత్రం క్షమించలేదు. బొమ్మ కిందనే, గోడకు బయట, కాగితం పూల చెట్టు నాటాను. రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోసి పెంచాను. అది రెండేళ్ళలో నా పంతమంత అయింది. ఆమె పూర్తిగా దాని చాటుకు పోయింది. బజారులో పెయింటర్ సాబ్ కనిపిస్తే నన్నెలా ఉన్నారని అడిగేవాడు కాదు. "గా లావామె మంచిగున్నదా అమ్మా?" అనేవాడు. చెట్టు అడ్డమొచ్చింది సాబ్, కనవడ్తలేదు అనేదాన్ని, కొంచెం గర్వంగానే. ఆయన దగ్గొచ్చేదాకా నవ్వేవాడు. రంగుల మధ్య బతికితే మనిషికి కాస్త తిక్క పడుతుంది కాబోలు అనుకుని జాలిపడేదాన్ని.

ఆ మనిషి కూతురు శుక్రవారం గోడ మొదట్లో నిలబడి వేలితో లెక్కపెడుతోంది. ఎండకూ వానకూ ముఖాలు వెలిసిపోయాయి. రాజవ్వ తిట్టు మాత్రం ఇంకా కనబడుతోంది. ఎనిమిది దగ్గర ఆగి, ఇంకొకామె ఉండాలె గద అమ్మా, అబ్బా తొమ్మిదిమంది అనేటోడు అంది. చెట్టు వెనక ఉందని, పెద్ద చూడదగిందేమీ కాదని చెప్పాను. ఆమె వినిపించుకోకుండా కొమ్మలు పక్కకు లాగింది.

లోపల రంగులు నిన్న వేసినట్టున్నాయి. ఎండ తగలక, వాన కొట్టక, పచ్చ చీర పచ్చగా, అంచు ఎర్రగా. గోడంతటికీ వెలవని బొమ్మ అదొక్కటే. చెట్టు నాటింది నేనేనని చెప్పాలనిపించలేదు. మంచినీళ్ళు తెస్తానుండు బిడ్డా అని వెనుదిరిగాను.

"అమ్మా, ఒక్క నిమిషం. గట్లనే ఉండున్రి."

ఉన్నాను. దగ్గరికొచ్చి నా కొప్పులోంచి ఏదో తీసి చూపింది. నిన్నటి అగరొత్తి పుల్ల. రోజూ పూజలో కొత్త ఒత్తి గుచ్చేటప్పుడు పాతది తీస్తాను కదా. చేతిలో దీపముంటుంది. ఆ పుల్ల ఎక్కడ పెడతానో నేనెన్నడూ ఆలోచించలేదు.

"గీమె మీరే," అంది. "అబ్బాను అడిగిన ఒకసారి, ఆమె ముఖం ఎందుకు గియ్యలేదని. ఆమెను నిలవడంగ నేను సూసిందెప్పుడు, ఎప్పుడు సూసినా నాకేదో తెచ్చెటందుకు లోపలికి పోతనే ఉండె, నా కండ్లకు ఆమె ముఖం గదే అన్నడు."

నేను మళ్ళీ గోడ వైపు చూశాను. ఎడమకు దోపిన కొంగు, పుల్ల గుచ్చిన కొప్పు. చేతిలో గ్లాసు, అంచు దగ్గర చిన్న సొట్ట. వంటింట్లో పోయిన గ్లాసు గోడ మీద దొరికింది. అయినా ఆయన దాన్ని నా చేతిలో పెట్టింది ఎత్తిపొడవడానికి కాదు. మళ్ళీ నింపుకు రావడానికి పోతున్నట్టు గీశాడు.

ఎదురు గుమ్మంలోంచి రాజవ్వ కేకేసింది. "నీకిప్పుడా ఎరుకైంది? గల్లీ అంతటికి ఎరుకే."

"మరి చెప్పకపోతివి?"

"నిన్ను నువ్వే తిట్టుకుంటుంటే నవ్వాగక సచ్చినం. ఇంక ఎట్ల జెప్పాలె?"

ఆ పిల్లకు చాయ్ పెట్టాను. తెచ్చి ఇవ్వబోయి, ఆగి, చెంబుతో నీళ్ళు తీసుకుని గోడ మీద చల్లాను. అవి ఇంకేదాకా ఇద్దరం నిలబడ్డాం. గోడ తాగాక ఆమె చాయ్ తాగింది, చల్లారిందే తాగింది, మళ్ళీ వేడిచేయడానికి లోపలికి పోనివ్వలేదు. నాకంటూ ఒక ముఖం ఇచ్చిన మనిషికి ఎదురుగా దండం పెట్టలేకపోయాను గనుక, ఆయన బిడ్డకు పెట్టాను. ఆమె కంగారుపడి నా చేతులు పట్టుకుంది.

సాయంత్రం కత్తెర తీసుకుని చెట్టు దగ్గర కూర్చున్నాను. కొప్పు కనబడేలా, వీపు కనబడేలా, గ్లాసు పట్టుకున్న చెయ్యి బాగా కనబడేలా కొమ్మలన్నీ కత్తిరించాను. నడుము దగ్గర మాత్రం ఒక గుత్తి ఉంచాను.